విశాఖలో నర్సుల ఫారిన్ కోచింగులు: దేనికి ఫీజు కట్టొచ్చు, దేనికి కట్టక్కర్లేదు

ద్వారకానగర్ నుంచి ఆశీల్‌మెట్ట దాకా నడిస్తే బ్యాంకు పరీక్షల బోర్డుల పక్కనే ఓఈటీ (వైద్య రంగంవాళ్ల ఇంగ్లీషు పరీక్ష), ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష), జర్మన్ బోర్డులు వేలాడుతుంటాయి. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి నర్సింగ్ కాలేజీల నుంచి బయటికొచ్చిన పిల్లలు, కేజీహెచ్ చుట్టుపక్కల, ఆరిలోవ హెల్త్ సిటీలో నైట్ డ్యూటీలు చేసేవాళ్లు ఎక్కువగా చేరేది ఇక్కడే. ఒక్కో సెంటరు పేరు పెట్టి మార్కులు వేయడం ఈ సమీక్ష ఉద్దేశం కాదు. దాదాపు అన్ని సెంటర్లూ ఒకే ప్యాకేజీ అమ్ముతాయి: క్లాసులు, కాగితాల పని, ఏ దేశం వెళ్లాలో సలహా. ఈ మూడింటికీ కలిపి ఒకే ఫీజు చెబుతారు. విడదీసి చూస్తే క్లాసులకు డబ్బు పెట్టొచ్చు. కాగితాల పని చాలావరకు మీరే చేసుకోవచ్చు. దేశం విషయంలో మాత్రం వాళ్ల సలహా ఒక్కటే నమ్ముకోకూడదు.

ముందు ఓఈటీ. ఈ ఊరి సెంటర్లు బాగా చేయగలిగిన పని ఇదే, బాగా చేస్తే నిజంగా జీవితం మార్చే పని కూడా. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీకి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350, అంటే బీ గ్రేడ్, కావాలి. రైటింగ్‌కు 300, అంటే సీ ప్లస్, సరిపోతుంది. గడప తక్కువైనా మన వాళ్లు ఎక్కువగా తన్నుకునేది రైటింగ్ దగ్గరే. 5 నిమిషాలు కేస్ నోట్స్ చదవాలి, 40 నిమిషాల్లో 180 నుంచి 200 మాటల ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరాన్ని ఆరు రకాలుగా తూస్తారు: ఎందుకు రాస్తున్నామో మొదట్లోనే తెలిసిందా, కావలసిన విషయం ఉందా, అక్కర్లేనిది వదిలేశారా, వృత్తికి తగ్గ మర్యాద ఉందా, వరుస కుదిరిందా, భాష సరిగా ఉందా. మొదటిదానికి 3 మార్కులు, మిగతా ఐదింటికి తలా 7.

సెంటరు మంచిదో కాదో ఈ ఉత్తరం దిద్దే తీరులో తెలిసిపోతుంది. కేస్ నోట్స్‌లో రోగికి పదేళ్ల కిందట అపెండిక్స్ ఆపరేషన్ అయిందని ఉంటుంది. ఇప్పుడు తుంటి ఎముక ఆపరేషన్ అయి ఇంటికెళ్తోంది, ఉత్తరం ఫిజియోథెరపిస్టుకు. మన పిల్లలు అపెండిక్స్ కూడా రాసేస్తారు, వదిలేస్తే తప్పేమోనని భయం. ఫిజియోకు కావలసింది ఆవిడ వాకర్‌తో ఎన్ని అడుగులు వేస్తోంది, ఇంట్లో మెట్లున్నాయా, నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకుంటోంది అనేది. మంచి టీచరు అపెండిక్స్ మీద గీత కొట్టి, 'ఇది చదివి ఫిజియో ఏం చేస్తాడు?' అని పక్కన రాస్తారు. రెండో రకం టీచరు స్పెల్లింగులు దిద్ది 'గుడ్' అని పెట్టి ఇచ్చేస్తారు. ఇంకొన్ని చోట్ల ఒక టెంప్లేట్ ఇచ్చి బట్టీ పట్టమంటారు. డిశ్చార్జ్ ఉత్తరానికి, రిఫరల్ ఉత్తరానికి ఒకే మొదటి వాక్యం వాడితే ఆ 3 మార్కుల్లో కోత అక్కడే పడుతుంది.

భాషలోనూ మన తప్పులు మనవే. 'మూడు రోజుల నుంచి జ్వరంగా ఉంది' అన్న మన వాక్యం 'పేషెంట్ ఈజ్ హావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్' అయిపోతుంది. ఈ ఒక్క 'సిన్స్' ఉత్తరానికి నాలుగు చోట్ల కనబడుతుంది. తెలుగులోంచి ఇంగ్లీషులోకి జారే ఇలాంటి ఇరవై ముప్పై వాక్యాలు ఎంచి దిద్దించే టీచరు దొరికితే వదలకండి, ఆ పని ఏ ఆన్‌లైన్ కోర్సూ చేయదు. చేరే ముందు ఒక్కటే అడగండి: పరీక్ష లోపు ఎన్ని ఉత్తరాలు దిద్దిస్తారు, దిద్దినదాన్ని మళ్లీ రాయిస్తారా? ఇరవైకి తక్కువ చెబితే ఆ ఫీజు ఎక్కువే.

స్పీకింగ్ కూడా అంతే. రెండు రోల్ ప్లేలు, ఒక్కోదానికి 3 నిమిషాలు సిద్ధం కావడానికి, 5 నిమిషాలు మాట్లాడటానికి. మన వార్డుల్లో రోగి కంగారు పడితే నోట్లోంచి వెంటనే వచ్చే మాట 'ఏం కాదమ్మా, కంగారు పడకండి'. ఆ మాటలో ఎంత ఆప్యాయత ఉన్నా, 'డోంట్ వర్రీ, నథింగ్ విల్ హ్యాపెన్' అని పరీక్షలో అంటే మార్కులు పోతాయి. భయం దేని గురించో అడగాలి, చెప్పింది విన్నట్టు తెలియజేయాలి, తర్వాత వివరం చెప్పాలి, చివర అర్థమైందో లేదో చూసుకోవాలి. పన్నెండు మందికి మించిన బ్యాచ్‌లో ఇది నేర్పడం కుదరదు. నలభై మందిని కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద రోల్ ప్లే వీడియోలు చూపించేదాన్ని స్పీకింగ్ క్లాసు అనలేం.

లిజనింగ్, రీడింగులకు విడిగా ఫీజు కట్టక్కర్లేదు. లిజనింగ్‌లో 42 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. రీడింగ్ ఏ భాగంలో 15 నిమిషాల్లో 20 జవాబులు వెతకాలి. గడియారం పెట్టుకుని ఇంట్లో సాధన చేస్తే వచ్చేవి ఇవి. స్కోరు సాధారణంగా రెండేళ్లే చెల్లుతుంది. ఈ రెండేళ్ల సంగతి గుర్తుంచుకోండి, కాగితాల దగ్గర మళ్లీ వస్తుంది.

ఎన్‌క్లెక్స్ క్లాసుల్లో మంచీ చెడూ కలిసే ఉన్నాయి. 2023 ఏప్రిల్ నుంచి పరీక్ష కొత్త పద్ధతిలో జరుగుతోంది: కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150, సమయం 5 గంటలు. జవాబును బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటుంది. కేస్ స్టడీలు వచ్చాక పాత పుస్తకాల బట్టీ పని చేయడం లేదు. అయినా కొన్ని చోట్ల ఇంకా సబ్జెక్టుల వారీ స్లైడ్లు చదివి వినిపిస్తున్నారు. బీఎస్సీలో నాలుగేళ్లు చదివిందే మళ్లీ వినడానికి అంత దూరం రావాలా? నేర్పాల్సింది వేరే ఉంది. మన వార్డులో అనుమానం వస్తే ముందు డాక్టరుకు ఫోన్ చేస్తాం. ఆ పరీక్షలో చాలాసార్లు ముందు నర్సు తనే చూడాలి, తనే ఒక పని చేయాలి, ఆ తర్వాతే ఫోను. నలుగురు రోగుల్లో ముందెవరి దగ్గరికి వెళ్లాలి, ఏ పని ఎల్‌పీఎన్‌కు (అక్కడ రిజిస్టర్డ్ నర్సు కింద పని చేసే నర్సు) అప్పగించొచ్చు, ఏది సహాయకురాలికి ఇవ్వకూడదు అనే ప్రశ్నలు మన వాళ్లను ముంచుతాయి, ఎందుకంటే ఎల్‌పీఎన్ అనే ఉద్యోగమే మన ఆస్పత్రుల్లో లేదు. మందుల పేర్లూ అంతే: పారాసెటమాల్ అక్కడ అసిటమినోఫెన్, అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. తప్పు జవాబు ఎందుకు తప్పో ఒక్కో ప్రశ్నకు ఐదు నిమిషాలు చర్చించే క్లాసైతే డబ్బు దండగ కాదు. డెమో క్లాసులో కూర్చుని ఇదొక్కటి గమనించండి.

ఇక దేశం సలహా. బోర్డు మీద అమెరికా జెండా, 'ఎన్‌క్లెక్స్ పాసైతే గ్రీన్ కార్డు' అన్న మాట. చెప్పాల్సిన నిజం చెప్పడం లేదు కాబట్టి ఇక్కడ గట్టిగానే రాస్తున్నాం. నర్సులు ఎక్కువగా వెళ్లే ఈబీ3 అనే గ్రీన్ కార్డు వరుసలో ఇండియాలో పుట్టినవాళ్లకు 2025 చివరి వీసా బులెటిన్లలో నడిచింది 2013 తేదీలు, అంటే 2013లో వరుసలో చేరినవాళ్ల వంతు. ఇవాళ వరుసలో నిలబడితే పదేళ్లు దాటిన నిరీక్షణ అని అర్థం. భర్త లేదా భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం వరుస వాడుకోవచ్చు, విశాఖ పిల్లల్లో అలాంటివాళ్లు ఎందరుంటారు? ఇది తెలిసీ అమెరికా ప్యాకేజీలో వీసాస్క్రీన్ కూడా కలిపి అమ్ముతారు. వీసాస్క్రీన్ అనేది 1996 నాటి అమెరికా వలస చట్టం కోరే ధ్రువపత్రం. సీజీఎఫ్‌ఎన్‌ఎస్ అనే సంస్థ ఇస్తుంది, 2025లో పేరు ట్రూమెరిట్ అని మార్చుకుంది. ఆ పత్రం చెల్లేది 5 ఏళ్లు. పదేళ్ల తర్వాతి ఇంటర్వ్యూకి ఐదేళ్లు చెల్లే కాగితం ఇప్పుడు కొనడమంటే పెళ్లి కుదరకముందే వంటలు దించుకోవడం. ఎన్‌క్లెక్స్ రాయడం మాత్రం వృథా కాదు. యజమాని ఐ-140 అనే వలస దరఖాస్తు వేస్తే వరుసలో తేదీ ఖాయమవుతుంది, దానికి ఎన్‌క్లెక్స్ పాస్ పనికొస్తుంది. కెనడాకు 2015 నుంచి ఆ పరీక్షే. ఆస్ట్రేలియాకు కూడా మొదటి మెట్టు ఎన్‌క్లెక్సే, తర్వాత అడిలైడ్‌లో ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది.

ఒకే పాసుతో రెండు మూడు దేశాల తలుపులు తెరుచుకునే దారి చూసుకోవడం మంచిది. 2025 ఏప్రిల్ నుంచి ఆస్ట్రేలియా ఒక సులువు దారి తెరిచింది. బ్రిటన్, ఐర్లాండ్, సింగపూర్ లాంటి కొన్ని చోట్ల రిజిస్టరై, 2017 నుంచి కనీసం 1,800 గంటలు పని చేసిన నర్సులకు పరీక్షలు లేకుండానే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసుకునే వీలుంది. అంటే ఐర్లాండ్‌లో ఏడాదికి పైగా పని చేస్తే ఆస్ట్రేలియా దగ్గరవుతుంది. ఈ లెక్క చెప్పే సలహాదారు దొరకడం ఊళ్లో అరుదు.

బ్రిటన్ ఖర్చు మాత్రం లెక్కకు తేలిక. అర్హతల పరిశీలనకు 140 పౌండ్లు, సీబీటీ అనే కంప్యూటర్ పరీక్షకు 83, ఆస్కీకి 794, రిజిస్ట్రేషన్‌కు 153. మొత్తం 1,170 పౌండ్లు. సీబీటీలో లెక్కల భాగం 15 ప్రశ్నలు, నర్సింగ్ భాగం 100. ఆస్కీ బ్రిటన్‌లోనే, పది స్టేషన్లు. అక్కడ పోయేది విద్యలో కాదు, నోట్లో. చేతులు కడుక్కుంటున్నానని, పేరూ పుట్టిన తేదీ సరిచూస్తున్నానని, అలర్జీ ఉందా అని పైకి చెప్పాలి. మనసులో చూసుకుంటే మార్కు రాదు. బ్రిటన్ నియామక నియమావళి ప్రకారం అభ్యర్థి దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు ఫీజు తీసుకోకూడదు. 2024 నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ విదేశీ నియామకాలు బాగా తగ్గించింది. కేర్ వర్కర్ వీసాలకు బయటి దేశాల నుంచి కొత్త నియామకాలు 2025 జులై 22తో ఆగిపోయాయి. ఇంకా ఎవరైనా కేర్ అసిస్టెంట్ స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామని లక్షలు అడిగితే మెట్లు దిగి వచ్చేయండి.

ఇప్పుడు కాగితాలు. ఫీజులో పెద్ద ముక్క 'డాక్యుమెంటేషన్' పేరుతో వెళ్లేది ఇక్కడే, పని ఆగిపోయేదీ ఇక్కడే.

మొదటి చిక్కు పేరు. మన పదో తరగతి మెమోలో 'జి. శ్రావణి' అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పొట్టిగా రాయనివ్వరు, 'గొర్లె' అని విప్పాల్సిందే. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే ఆర్‌ఎన్‌ఆర్‌ఎం రిజిస్ట్రేషన్‌లో మెమో చూసి మళ్లీ 'జి. శ్రావణి'. పెళ్లయ్యాక పాస్‌పోర్టు మారిస్తే అత్తింటి పేరు. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక రాయడం మన అలవాటు, విదేశీ ఫారంలో ఆ వరుస తలకిందులవుతుంది. ఎన్‌క్లెక్స్ హాల్లో పాస్‌పోర్టు మీది పేరు, అనుమతి పత్రం మీది పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే లోపలికి పంపరు, ఫీజు తిరిగి రాదు. కాబట్టి ఏ దరఖాస్తూ వేయకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేర్వేరు గడుల్లో సరిగా ఉన్నాయో చూసుకోండి. లేకపోతే ముందు మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు పని. తర్వాత రెండు పేర్లూ ఒకే మనిషివని స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్, పెళ్లయితే మ్యారేజ్ సర్టిఫికెట్. ఏ దరఖాస్తు నింపినా పాస్‌పోర్టులో ఉన్న పేరే వాడండి.

రెండో చిక్కు విశ్వవిద్యాలయం పేరు. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్య విశ్వవిద్యాలయమైంది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. మధ్యలో పట్టా తీసుకున్నవాళ్ల ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మీద ఒక పేరు, ఇప్పుడు వెరిఫికేషన్ పంపే లెటర్‌హెడ్ మీద ఇంకో పేరు. ఫిలడెల్ఫియాలోనో డబ్లిన్‌లోనో కూర్చుని పరిశీలించే వ్యక్తికి ఇవి రెండు వేర్వేరు సంస్థలుగా కనబడతాయి. పేరు మార్పు గురించిన ఉత్తర్వు ప్రతిని, ఒక పేజీ వివరణను మొదటి రోజే జత చేస్తే నెలల ఆలస్యం తప్పుతుంది.

ట్రాన్స్‌క్రిప్టులో సబ్జెక్టుకు థియరీ గంటలెన్ని, వార్డు గంటలెన్ని అని విడివిడిగా అడుగుతారు: మెడికల్ సర్జికల్, పిల్లలు, ప్రసూతి, మానసిక వైద్యం. కాలేజీ గుమాస్తా మొత్తం ఒకే అంకె వేసి సంతకం పెట్టిస్తే కాగితం తిరిగొస్తుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, అంకెలు కూడి సరిపోయాయని చూసుకున్నాకే ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. కాగితాలు మీ చేతి మీదుగా వెళ్లకూడదు, కాలేజీ, విశ్వవిద్యాలయం, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నేరుగా పంపాలి. ఈమెయిల్‌లో పంపేటప్పుడు సంస్థ సొంత చిరునామా నుంచి వెళ్లాలి, జీమెయిల్ నుంచి వెళ్తే అనుమానం పెడతారు. మీ రిజిస్ట్రేషన్ మీద ఫిర్యాదులేమీ లేవని కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ పత్రానికి కాలపరిమితి తక్కువ. దాన్ని అందరికంటే చివర తీయించాలి. ట్రాన్స్‌క్రిప్ట్ ముందు, ఇంగ్లీషు పరీక్ష మధ్యలో, గుడ్ స్టాండింగ్, పోలీస్ క్లియరెన్స్ ఆఖరున. చాలా సెంటర్లు అన్నీ ఒకేసారి తీయించి ఒకేసారి బిల్లు వేస్తాయి. చివరి మెట్టుకు వచ్చేసరికి రెండు కాగితాలకు గడువు అయిపోయి, ఓఈటీ కూడా మళ్లీ రాయాల్సి వస్తుంది.

అటెస్టేషన్ విషయంలోనూ కళ్లు తెరిచి ఉండాలి. సౌదీ 2022లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, అక్కడికి మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు. యూఏఈ అందులో లేదు, రాయబార కార్యాలయం ముద్ర కావాలి. రెండింటికీ ఒకే ప్యాకేజీ చెప్పే చోట ఎవరో ఒకరు అనవసరంగా డబ్బు కడుతున్నట్టే.

వీటన్నిటికంటే పెద్ద తప్పు, దానికి క్షమాపణ లేదు: అభ్యర్థి పేరు మీద దరఖాస్తు తెరిచి, లాగిన్‌కు సెంటరు ఈమెయిల్ ఇవ్వడం. ఎన్‌క్లెక్స్ అనుమతి పత్రం ఆ ఈమెయిల్‌కు వస్తుంది. రెండో కిస్తీ కడితేగానీ చెప్పరు. అనుమతికి గడువు సాధారణంగా 90 రోజులే, పొడిగించరు. గడువు దాటితే మళ్లీ 200 డాలర్ల ఫీజు, అమెరికా బయట రాసేవాళ్లకు ఇంకో 150. అందుకే ఖాతాకు మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరు, మీ కార్డు. అడిగితే కాపీలు చూపండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టకండి. 'సేఫ్టీకి మా దగ్గర ఉంచండమ్మా' అన్నా సరే, వినకండి.

గల్ఫ్‌కు క్లుప్తంగా. డేటాఫ్లో అంటే మీ చదువు, రిజిస్ట్రేషన్, అనుభవం గురించి ఆయా సంస్థలనే అడిగి నిర్ధారించుకోవడం. అనుభవ పత్రంలో చేరిన తేదీ, వదిలిన తేదీ, వార్డు పేరు ఉండాలి, హెచ్ఆర్ వాళ్లు అదే తేదీలు చెప్పాలి. ఒక నెల పెంచి రాయించుకున్న పత్రం మొత్తం ఫైలునే పాడు చేస్తుంది. ఈసీఆర్ దేశాలకు (వలస అనుమతి అవసరమని కేంద్రం గుర్తించినవి) నర్సుల నియామకం ప్రభుత్వ ఏజెన్సీల ద్వారా జరగాలని 2015లో కేంద్రం నియమం పెట్టింది. మన రాష్ట్రానికి ఆ ఏజెన్సీ ఓంక్యాప్. రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగలిగిన గరిష్ఠ సేవా రుసుము రూ. 30,000, దానిపై జీఎస్టీ. అంతకుమించి 'కౌన్సెలింగ్', 'ప్రాసెసింగ్' అని వేరే పేర్లతో రాసిచ్చినా ఆ డబ్బు అదే. లైసెన్స్ నంబరు ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

జర్మనీకి భాషే ప్రధానం. నర్సుగా గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి అడుగుతారు, ఒక్కో రాష్ట్రానికి వేరే అధికార కార్యాలయం ఉంటుంది. కాగితాలు చూశాక చదువులో తేడాలు రాసి పంపుతారు, వాటిని అక్కడ పరీక్షతోనో శిక్షణతోనో పూడ్చుకోవాలి. మూడు నెలల్లో బీ2 అని రాసిన పాంప్లెట్‌ను నమ్మొద్దు. నైట్ డ్యూటీలు చేస్తూ ఏడాది పట్టినా అది మంచి వేగమే.

ఎన్‌క్లెక్స్ రాసేవాళ్లకు దగ్గరి కేంద్రం హైదరాబాద్. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి ఉదయం దిగి నేరుగా హాలుకు వెళ్లేవాళ్లున్నారు. అలా వద్దు, ఐదు గంటల పరీక్ష అది. ముందురోజే చేరుకుని, కేంద్రం ఎక్కడుందో చూసి వచ్చి, పడుకోండి. పాస్‌పోర్టు ఒరిజినల్ ఒక్కటే చేతిలో ఉంటే చాలు. అరచేతి స్కాన్, ఫొటో తీస్తారు. ఫోను, వాచీ, పర్సు లాకర్‌లో పెట్టిస్తారు. పాస్ కాకపోతే మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి, ఆ రోజుల కోసం రెండోసారి పూర్తి కోచింగ్ ఫీజు అడిగితే కట్టకండి. ఫెయిలైనవాళ్లకు వచ్చే రిపోర్టులో ఏ విభాగంలో తక్కువ వచ్చిందో ఉంటుంది, ఆ విభాగాల వరకు చెప్పించుకుంటే సరిపోతుంది.